పేరు చెప్పరాని పూత

నమోదు 1

పూతల పరీక్ష గది దినచర్యలో పరీక్షల సంగతులు తప్ప సొంత గోడు రాయకూడదని పంచాయితీ నుంచి ఉత్తర్వు వచ్చింది. భేష్. వాళ్ళు తయారుచేసిన ప్రతి చెత్తా నా ఒంటికి పూసుకుని చూడాలి గానీ, ఆ ఒళ్ళు ఎవరిదో మాత్రం రాయకూడదట. రాస్తాను. చదివి ఏడవమనండి.

ఒళ్ళు ఓదెమ్మది, అంటే నాది. మూడో బాయిలో చర్మానికి తగిలేది ఏదైనా, సబ్బయినా కాటుకైనా తలనూనైనా, ముందు నా దగ్గరికి రావాలి. వీపు మీద కొంచెం పూసుకుని, పైన పట్టీ కట్టుకుని, రెండు రోజులు ఉంచుకుంటాను. దద్దురు లేవకపోతే సంతకం, లేస్తే చెత్తకుండీ. మా ముత్తాతలు ఈ బాయిలో బొగ్గు తవ్వేవాళ్ళట. పైన ఎండ మనుషుల్ని మాడ్చి చంపే రోజులొచ్చాక ఇందులోకే దిగి కాపురాలు పెట్టారు. బొగ్గు ఎప్పుడో అయిపోయింది, సైరన్ మాత్రం మిగిలింది. ఇప్పటికీ అది కూస్తేనే లేస్తాం, అది కూస్తేనే తింటాం.

ఇవాళ మొదటి షిఫ్టులో పక్క గదావిడ గోరింటాకు ముద్ద తెచ్చింది. కూతురి పెళ్ళట. రంగు నల్లగా పండాలని అందులో నల్లజీడి రసం కలిపింది. ముద్ద చూడగానే తెలిసిపోయింది. జీడి రసం తగిలితే చర్మం పొక్కి ఊడుతుంది. తీసి పారబోశాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చేతులు తిప్పుతూ అరిచింది.

"చెట్టుకు కాసిందే కదనే! చెట్టుది ఒంటికేం చేస్తది?"

"పామును గూడ ఎవలూ ఫ్యాక్టరీల చెయ్యలేదు. మెడల ఏసుకుంటవా?" అన్నాను.

ఈ మాట నేను రోజూ వింటాను. చెట్టుది కదా, ఆకుది కదా, గింజది కదా. ఇంకోసారి ఎవరైనా అంటే కొట్టేలా ఉన్నాను. సాయంత్రం ఆవిడ నా గుమ్మం ముందు జిడ్డు నీళ్ళు పోసి పోయింది. జారిపడి మోచేయి చెక్కుకుపోయింది.

రెండో షిఫ్టులో సోమిదేవమ్మ వచ్చింది. ఆమె బాయి పెద్ద. పైగా తరతరాలుగా పసరు మందులిచ్చే ఇంటి మనిషి. ఇద్దరు మనుషుల చేత పెద్ద గంగాళం మోయించుకొచ్చింది. దాంట్లో తెల్లటి పూత, వెన్నలా నున్నగా ఉంది. పైన ఎండ తగ్గిందని యంత్రాలు చెబుతున్నాయి కదా, మొదటి జట్టుగా బడి పిల్లలు పదకొండు మందిని పైకి పంపుతున్నారు. ఎండ ఎరగని చర్మం కాబట్టి మొహానికీ చేతులకూ ఈ పూత పూసి పంపాలట.

"దీంట్ల ఏమున్నది?" అని అడిగాను.

"ఏముంటది బిడ్డా, చెట్టు మందు. బొల్లి మచ్చలకు మా అవ్వోళ్ళ కాలం నుంచి ఇస్తున్నదే. దాన్నే చిక్కగ తీసినం."

"ఏం చెట్టు?"

ఆమె నవ్వింది. చంటిపిల్ల ఏదో అడిగితే నవ్వినట్టు నవ్వింది.

"పసరు మందు పేరు బయటపెడితే గుణం పోతదని నీకు ఎరుక లేదా ఓదెమ్మా?"

ఎరుకే. ఈ బాయిలో ఉగ్గుపాలతో పాటు పట్టేది అదే. ఇంటి మందుకు పేరు అడగరాదు, చెప్పరాదు. పొరపాటున ఎవరి నోటి వెంటైనా వస్తే చెవులు మూసుకోవాలి. అందుకే నా దగ్గరికి వచ్చే వాటిలో సగానికి పేర్లుండవు. ఏముందో తెలియని దాన్ని వీపుకు పూసుకుని, ఏమీ కాలేదు కాబట్టి మంచిదే అని రాయడం నా ఉద్యోగం. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. పట్టీ కట్టుకున్నాను.

నమోదు 2

వీపు మీద ఏమీ లేదు. దురద లేదు, ఎరుపు లేదు.

మా అక్క రాజక్క కూతురు తొలకరి వచ్చింది. ఈ బాయిలో పిల్లలకు ఎవరూ చూడని వాటి పేర్లు పెడతారు. తొలకరి, మబ్బు, మెరుపు, పొద్దు. పన్నెండేళ్ళది. మొదటి జట్టులో ఉంది. జట్టులో పిల్ల ఉన్న ఇంటికి పైన ముందుగా జాగా ఇస్తారని మా అక్క కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

తొలకరికి జాగా గొడవ పట్టదు. అది ఎప్పుడూ తన మొహమే చూసుకుంటుంది. నా గదిలోని స్టీలు పళ్ళెం తీసుకుని, చెంప ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది. చూసుకోవద్దూ! దాని చెంపలు అంత నున్నగా, అంత చక్కగా ఉంటాయి.

"చిన్నమ్మా, ఎండ మొహం మీద పడితే ఎట్లుంటది?"

"నాకేం ఎరుక? నేను పోయిన్నా?"

"మెరుపు చక్కిలిగింత పెట్టినట్టు ఉంటదంటది. అది పెద్ద పోయొచ్చినట్టు!" అని పకపకా నవ్వింది. మెరుపు దాని స్నేహితురాలు, జట్టులో పిల్లే. ఇద్దరూ చేతులు పట్టుకుని పైకి అడుగు పెడతామని ఒట్టు వేసుకున్నారట. నా పట్టీ మీద వేలు పెట్టి "జల్ది సంతకం పెట్టు" అని బెదిరించి పోయింది.

ఈ పిల్ల తప్ప ఈ బాయిలో నాతో నవ్వుతూ మాట్లాడే ప్రాణి లేదు. దాని మొహం చూస్తే నా చిరాకు ఎటు పోతుందో తెలియదు.

నమోదు 3

ఇవాళ సంతకం పెట్టాలి. పెట్టేదాన్నే. ఇంతలో మొగిలి వచ్చాడు.

మొగిలి లిఫ్టు నడుపుతాడు. కరెంటు ఇచ్చే సోలార్ అద్దాలు తుడవడానికి అప్పుడప్పుడు పైకి పోయి వచ్చేది వాడొక్కడే. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని, మంట తగ్గే లేపనం కావాలన్నాడు. బ్యాటరీ నీళ్ళు పడ్డాయట. గుడ్డ విప్పి చూశాను. చేతుల వెనకవైపు నిండా బొబ్బలు, చుట్టూ కమిలిన నలుపు. అరచేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఒక చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ఏదో కారినట్టు సన్నటి చార, ఆ చార పొడుగునా బొబ్బలు.

"బ్యాటరీ నీళ్ళు చేతి మీద ఇట్ల కారుతుంటే నువ్వు చూసుకుంట నిలబడ్డవా? ఎప్పుడు మండిందిరా?"

"పైకి పోయొచ్చిన నాడు ఏం లేదు. రెండో నాడు మొదలైంది."

"బ్యాటరీ నీళ్ళు రెండో నాడు మండుతయా? అబద్ధం ఆడేటోడివి సక్కగ ఆడు."

వాడు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"గంగాళం మోసింది నేనే గదక్కా. అంచుకు అంటింది వేలితోని తీసి చేతులకు రాసుకున్న. ఎండకు పట్టిన కరకు పోతదని. మస్తు ఏండ్ల సంది పైకి పోతున్న, ఎన్నడూ ఇట్ల కాలే. నేను చెప్పిన అనకు, నీకు దండం పెడత. పిల్లల పూత దొంగిలించిండని లిఫ్టు పని పీకేస్తరు."

ఎండ ఒక్కటే అయితే వీడికి ఏమీ కాలేదు. పూత ఒక్కటే అయితే నాకు ఏమీ కాలేదు. రెండూ కలిసిన చోట మనిషి చర్మం ఉడికిపోయింది.

నేరుగా సోమిదేవమ్మ మొక్కల సొరంగానికి పోయాను. కాపలావాడు అడ్డం వస్తే తోసేశాను. ఊదారంగు దీపాల కింద వరసలుగా మొక్కలు. చిన్న చిన్న ఊదా పూలు, నల్లటి గింజలు. నాలుగు గింజలు నలిపి వాసన చూశాను. బావంచాలు.

చదువుకునే రోజుల్లో ఈ గింజ గురించి చెప్పారు. దీంట్లో ఒక గుణం నిద్రపోతూ ఉంటుంది. ఎండ తగిలితేనే లేస్తుంది. పూర్వం బొల్లి మచ్చకు మాత్రమే రాసి, కొద్దిసేపే ఎండ చూపించి, జాగ్రత్తగా కడిగేసేవాళ్ళు. అప్పుడు కూడా కొందరికి బొబ్బలెక్కేవి. బాయిలోకి దిగాక ఎండ ఎక్కడిది? ఎండ చూపించడం పోయింది, కడగడం పోయింది, మందు మాత్రం మిగిలింది. ఇన్ని తరాలుగా ఎవరికీ హాని చేయలేదంటే చేయదు మరి. ఇది ఒట్టి ట్యూబు దీపాల ఊరు. నా వీపు మీద రెండు రోజులు కాదు, రెండేళ్ళు ఉంచుకున్నా ఏమీ కాదు. మా పరీక్షంతా ఎండ లేని చోట ఎండ పూతను పరీక్షించడం. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. మందు కనిపెట్టిన వాళ్ళ మీద కాదు, పేరు అడగనివ్వని వాళ్ళ మీద.

నమోదు 4

ముందు మర్యాదగానే పోయాను. సోమిదేవమ్మ గదిలో, ఆమె ఒక్కతి ఉన్నప్పుడు, గంగాళం మోసినప్పుడు అంటిన పూతకే మొగిలి చేతులు కాలాయని చెప్పాను, దొంగిలించాడని మాత్రం అనలేదు. పూత వద్దు, పిల్లల్ని పొడుగు చేతుల చొక్కాలేసి, నెత్తిన గుడ్డ కప్పి పంపండి అన్నాను.

"గుడ్డలు చుట్టి పంపుటానికి వాళ్ళు పిల్లలా, పీనుగులా? ఇన్నేండ్లకు ఎండ చూడబోతున్నరు. మా ఇంటి మందు మనుషులకు కీడు చేసిందని ఇయ్యాల దాకా ఒక్కరు అన్లే."

"మొగిలి దాకా అది పూసుకొని ఒక్కరు ఎండకు పోలే!"

మొగిలిని పిలిపించింది. వాడు నా మొహం చూడకుండా "బ్యాటరీ నీళ్ళే" అన్నాడు. దొంగ వెధవ. వాడి పని వాడికి ముఖ్యం.

నెల తిరిగితే దుమ్ము గాలులు మొదలవుతాయి, ఇప్పుడు పోకపోతే మళ్ళీ ఏడాదే అని సోమిదేవమ్మ అంటుంది. నెల టైముంది కదా, నాలుగు రోజులు ఆగితే ఏం పోయింది? పోయేది ఆమె మాట. ఊరంతా చాటింపు వేయించుకుంది మరి.

ఇక మర్యాద లేదు. సైరన్ కూశాక జనమంతా నాలుగు సొరంగాల కూడలిలో తిండికి చేరతారు. బల్ల ఎక్కి నిలబడి చెప్పాను. మొగిలి పేరు తీయలేదు. "పెద్దమ్మ పూతల ఉన్నయి బావంచాలు!" అని అరిచాను.

అంతే. చెవులు మూసుకున్నారు. చేతిలో పళ్ళేలు కింద పడ్డాయి. ముసలోళ్ళు ఉమ్మేశారు. పక్క గదావిడ చెప్పు విసిరింది, నా భుజానికి తగిలింది.

"పేరు చెప్పింది! గుణం చంపింది!"

పిల్లల మొహాలు కాలిపోతాయంటే ఒక్కరికీ వినపడలేదు. పేరు మాత్రం అందరికీ వినపడింది. నన్ను బల్ల మీద నుంచి లాగింది ఎవరో కాదు, మా అక్క. నా నోటి మీద కొట్టింది.

"నీ నోరు పడిపోను! నా బిడ్డ పోతుంటే ఓర్వలేకనా? నీకు పిల్లలు లేరని నా పిల్ల మీద ఏడుస్తున్నవా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పెదవి చిట్లిన నొప్పి కన్నా అదే నొప్పి. ఉద్యోగం పోయింది. సోమిదేవమ్మే పట్టీ కట్టుకుని, తనే సంతకం పెడుతుందట. గది తాళాలు అడిగారు. ఒకటి ఇచ్చాను, రెండోది పోయిందన్నాను. ఈ దినచర్య పుస్తకం ఎవరూ అడగలేదు.

నమోదు 5

మొగిలి గొంతు పట్టుకున్నాను. నన్ను పైకి తీసుకుపోతావా, దొంగతనం సంగతి చెప్పమంటావా అన్నాను. తీసుకుపోయాడు.

ఎడమ చేతికి పూత పూసుకున్నాను. కుడి చేతికి ఏమీ లేదు. రెండు చేతులూ చాపి ఎండలో నిలబడ్డాను. నలభై రెండేళ్ళ వయసులో మొదటిసారి ఎండ చూస్తే మనిషికి సంతోషం కలగాలి. నాకు కలగలేదు. కళ్ళు నీళ్ళు కారాయి, తల తిరిగింది. ఇంత వెచ్చటి దాన్ని, ఇంత మంచి దాన్ని, ఈ మూర్ఖులు పిల్లలకు శత్రువును చేస్తున్నారే అని ఏడుపొచ్చింది.

కిందికొచ్చాక రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి. ఉంటాయి. నాకు తెలుసు. ఇది రెండో నాటికి గానీ బయటపడదు. పిల్లలు రేపే పోతున్నారు.

రాజక్క గదికి పోయాను. తలుపు సందులోంచి చూసింది.

"అక్కా, రెండు దినాలు ఆగు. ఈ చెయ్యి ఏమైతదో చూడు. కాకుంటే నన్ను చెప్పుతోని కొట్టు."

"నున్నగ ఉన్నది కదనే నీ చెయ్యి!"

"ఇప్పుడు ఉంటది. మొగిలికి గూడ..." అని నోరు జారాను. మాట మింగేశాను. అక్క నా వైపు ఒక్క క్షణం చూసి మొహం మీదే తలుపేసింది. లోపల తొలకరి పాట పాడుకుంటోంది.

నమోదు 6

పిల్లలు పోయారు.

లిఫ్టు దగ్గర జాతరలా ఉంది. పదకొండు మంది, తెల్లటి మొహాలు, తెల్లటి చేతులు. సోమిదేవమ్మ కూడా పూసుకుంది. పిల్లలతో పాటే పోతానంది. ఆమె అబద్ధాలకోరు కాదు, అదే నాకు మరీ కడుపుమంట. దొంగ అయితే దొరకబుచ్చుకోవచ్చు. నమ్మిన మనిషిని ఏం చేస్తాం? ఒక్కొక్క పిల్ల చేతులు పట్టుకుని, పూత సరిగ్గా అంటిందా లేదా అని స్వయంగా చూసి లిఫ్టు ఎక్కించింది.

నేను అడ్డం పడ్డాను. "పిల్లల్ని పంపకండి, మీ కాళ్ళు మొక్కుత" అన్నాను. కాళ్ళు పట్టుకోబోతే ఆ కాళ్ళతోనే తన్నారు. జనం నన్ను గోడకు నొక్కి పట్టుకున్నారు. మా అక్క అందరికన్నా గట్టిగా తిట్టింది. "అది నాకు చెల్లె కాదు, నా గడప తొక్కితే కాళ్ళు ఇరగ్గొడత" అని అందరూ వినేట్టు అరిచింది. తొలకరి నా వైపు చూసి మొహం తిప్పుకుంది. మెరుపు చేయి గట్టిగా పట్టుకుంది. లిఫ్టు పైకి పోయింది.

మధ్యాహ్నానికి దిగి వచ్చారు. ఒకటే నవ్వులు, ఒకటే అరుపులు. పిడికిళ్ళలో మట్టి తెచ్చారు. అందరికీ బెల్లం అన్నం పెట్టారు. "ఏమైందే ఓదెమ్మా, కాలిపోయిన్రా పోరగాండ్లు?" అని దారిన పోయే ప్రతివాడూ నా గుమ్మంలోకి తొంగి చూసి అడిగి పోయాడు.

నా మాట అబద్ధం కావాలని మొక్కుకున్నాను. ఆ సాయంత్రమే ఎడమ చేయి వెచ్చబడటం మొదలైంది.

నమోదు 7

మోచేతి నుంచి వేళ్ళ దాకా బొబ్బలు. కుడి చేయి మామూలుగా ఉంది. రెండూ చాపుకుని గది గదికీ తిరిగాను. చల్లటి తడిగుడ్డలు సిద్ధం చేసుకోండి, పిల్లల మొహాలు మళ్ళీ మళ్ళీ కడగండి అన్నాను. సగం మంది తలుపులు తీయలేదు. తీసిన వాళ్ళు "పేరు చెప్పిన పాపం నీ చేతికే తగిలింది" అన్నారు.

మర్నాడు రెండో షిఫ్టులో మెరుపు ఏడుపు వినపడింది. తర్వాత ఆ వరసలోనే ఇంకో గది, ఇంకో గది. రాత్రి భోజనం సైరన్ కూసే సరికి వైద్యశాల నిండింది.

రాయాలి కాబట్టి రాస్తున్నాను. నుదురు, చెంపలు, ముక్కు, చేతులు. మెరుపు కళ్ళు వాచిపోయి మూసుకుపోయాయి. జట్టులో అందరికన్నా చిన్నదాని నోరు తెరుచుకోవడం లేదు, నీళ్ళు దూదితో పిండుతున్నారు. బొబ్బలు మానినా నల్లటి మచ్చలు చాలా కాలం పోవు, కొందరికి పోకపోవచ్చు. సోమిదేవమ్మ కూడా అక్కడే ఉంది, మొహం నిండా గుడ్డలు. ఉద్యోగం లేకపోయినా నన్ను ఎవరూ ఆపలేదు. పనిచేసే చేతులు కావాలి కదా. ఒంటిచేత్తో తడిగుడ్డలు పిండాను.

పది మందే ఉన్నారు. తొలకరి లేదు.

అక్క గదికి పరుగెత్తాను. ఈసారి తలుపు తీసింది. తొలకరి మూలన కూర్చుని ఉంది. చేతులు రెండూ మొగిలి చేతుల్లాగే ఉన్నాయి. మొహం మాత్రం... ముక్కు కొస కొంచెం ఎర్రబడింది, అంతే. ఆ చెంపలు అలాగే ఉన్నాయి.

నేను అర్థం కాక అక్క వైపు చూశాను.

"లిఫ్టు కాడికి పోయేముందు మలుపుల నిలబెట్టి తడిగుడ్డతోని తుడిచిన" అంది అక్క. "మొహం కడిగి బియ్యప్పిండి పూసిన, తెల్లగ కనపడాలని. చేతులు పట్టుకొని చూస్తదని చేతులు తుడవలే. నువ్వు మొగిలి అన్నవు కద. వాని చేతులు నేను గూడ చూసిన."

"నమ్మినవా? నన్ను నమ్మినవా నువ్వు?"

"సగం నమ్మిన."

"మరి అందరి ముంగట ఎందుకు తిట్టినవే నన్ను?"

"జాగా పోతది కదా" అంది. తల దించుకుని, చాలా చిన్నగా అంది.

పిల్ల మొహం బతికిందని నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే అక్కను నరికేయాలనిపించింది. నా మాట ఎవరూ వినరు, నిజమే. కానీ రాజక్క మాట వినేవాళ్ళు. రాజక్క తన పిల్ల మొహం తుడిచిందని తెలిస్తే, ఆ మలుపులో ఇంకో పదిమంది తల్లులు తుడిచేవాళ్ళు.

నమోదు 8

సోమిదేవమ్మ మంచం పక్కన నిలబడ్డాను. నా రెండు చేతులూ ఆమె ముందు పెట్టాను.

"ఈ రెండు చేతులు ఒక్క ఎండలనే నిలబడ్డయి. ఇది కాలింది, ఇది కాల్లే. ఇప్పుడన్న చెప్పు పెద్దమ్మా, ఆ మందు వద్దని నీ నోటితోని చెప్పు. నువ్వు చెప్తేనే వింటరు."

గుడ్డల సందులోంచి నా వైపు చూసింది. ఆమెకు చాలా నొప్పిగా ఉంది. ఆ కళ్ళలో కోపం తప్ప ఇంకేమీ లేదు.

"మందు మంచిదే. కూడలిల నిలబడి పేరు చెప్పి ఇషం చేసింది నువ్వు."

అప్పుడు గదిలో తల్లులంతా నా వైపు తిరిగారు. బాయి మొత్తం ఇదే మాట. తరాలుగా ఎవరినీ ఏమీ చేయని మందు, ఓదెమ్మ పేరు పలికిన నాలుగో నాటికే విషమైంది. వాళ్ళ లెక్క సరిగ్గా కుదిరింది. నేను ఎన్ని చేతులు చూపించినా ఆ లెక్క తప్పదు. మొగిలి వచ్చి, దొంగతనం ఒప్పుకుని, పేరు చెప్పకముందే నా చేతులు కాలాయని ఏడ్చాడు. వాడి పని పీకేశారు. దొంగ మాటకు విలువేమిటన్నారు.

మరి తొలకరి మొహం? దానికీ లెక్క కుదిరింది. విషం చేసిన మనిషి అక్కకు ముందే చెప్పుకుంది, తమ పిల్లను తాము దాచుకున్నారు. మెరుపు తల్లి రాజక్క గది ముందు నిలబడి అరిచింది.

"మా పిల్లలు కాలుతుంటే నీ పిల్ల మొహం కడిగి తీసుకపోతవా? ఒక్క మాట, ఒక్క మాట నా చెవుల ఏస్తే నీ నోటి ముత్యాలు రాలుతయా?"

అక్క లోపలి నుంచి గడియ వేసుకుంది.

పరీక్ష గదిలో గంగాళంలో మిగిలిన పూతను నేనే మురుగులో పోశాను. రెండో తాళం అందుకు పనికొచ్చింది. పోస్తుంటే ఎవరూ ఆపలేదు. ఎలాగూ గుణం పోయిన మందు కదా అన్నారు.

నమోదు 9

ఇప్పుడు అక్కా తొలకరీ నా గదిలోనే ఉంటున్నారు. వాళ్ళ గది ముందు రోజూ పెంట పోస్తున్నారు.

తొలకరి రెండు రోజులుగా తినడం లేదు. వైద్యశాలకు పోయింది, మెరుపును చూడటానికి. మెరుపు కళ్ళు తెరుచుకున్నాయి. తెరిచి దీని మొహం చూసింది. "నా చెయ్యి పట్టుకొనే వచ్చినవు కదనే, నీకు ఎరుకనేనా?" అని అడిగి గోడ వైపు తిరిగిందట. దీనికి ఎరుక లేదు. బొబ్బలు రాకుండా తుడుస్తున్నానని వాళ్ళమ్మ చెప్పలేదు, చెమటకు పూత చెదిరిందని చెప్పి తుడిచి మళ్ళీ పూసింది. అయినా ఎవరు నమ్ముతారు? బడిలో దాని పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. మొహానికి గుడ్డ కప్పుకుని తిరుగుతోంది. కాలిన పిల్లలు మొహం కప్పుకోరు, ఇది కప్పుకుంటుంది.

ఇవాళ పొద్దున అక్క నీళ్ళకు పోయింది. తొలకరి వచ్చి నా ముందు నిలబడింది. గుడ్డ తీసింది.

"చిన్నమ్మా, ఆ పూత కొంచెమన్న మిగిలిందా?"

"ఎందుకే?"

"నా మొహానికి పుయ్యి. పైకి తీసుకపో. మొగిలి మామ పని పోయినా లిఫ్టు నడుపుడు ఆయనకు వస్తది కదా. కొద్దిసేపే. మెరుపుకు ఉన్నంతనే కావాలె, ఎక్కువొద్దు."

నేను దాని చెంప మీద ఒక్కటి కొట్టాను. కాలిన చేత్తోనే, నా బలమంతా పెట్టి కొట్టాను. దేని కోసం ఉద్యోగం పోగొట్టుకున్నానో, దెబ్బలు తిన్నానో, చేయి కాల్చుకున్నానో, ఆ చెంప మీదే. నా చేతి బొబ్బ ఒకటి పగిలి రసి కారింది. నాకు నొప్పి తెలియలేదు.

అది ఏడవలేదు. పక్కనున్న స్టీలు డబ్బా మూత తీసుకుని మొహం చూసుకుంది. చెంప మీద నా వేళ్ళు నాలుగూ ఎర్రగా తేలాయి. వాటిని మెల్లగా తడిమి చూసుకుంది.

"ఇది ఎంతసేపు ఉంటది చిన్నమ్మా?"

"సాయంత్రానికి పోతది" అన్నాను.

"సాయంత్రం దాకనన్న ఉంటది కదా" అంది. మొహానికి గుడ్డ కప్పుకోకుండానే తలుపు తీసుకుని వైద్యశాల వైపు పోయింది.